పుచ్చుకున్నవాడి పేరు

గుప్తదానానికి మన దేశంలో 30 శాతం పన్ను ఉంది. వేళాకోళానికి అనడం లేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 2006లో 115బీబీసీ అని ఒక సెక్షన్ చేర్చారు. ధర్మసంస్థ ఏదైనా ఇచ్చినవాడి పేరూ చిరునామా రాసుకోకుండా డబ్బు పుచ్చుకుంటే, ఒక పరిమితి దాటాక దాని మీద 30 శాతం కట్టాలి. లక్ష రూపాయలు గానీ, మొత్తం విరాళాల్లో 5 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంతవరకు మినహాయింపు. పూర్తిగా మతసంబంధమైన సంస్థలకు ఇది వర్తించదు గనుక గుడి హుండీలు బతికిపోయాయి. మాలాంటి చిన్న సంఘాలకు ఆ వెసులుబాటు లేదు. మేం చేసేది పెద్ద పనేం కాదు. మందులు, పిల్లల ఫీజులు, ఇంటి పెద్దదిక్కు మంచాన పడితే కొన్ని నెలల బియ్యం.

ఆ సంఘం లెక్కలు చూసేది నేను. పోస్టాఫీసులో చేసి రిటైరైనవాణ్ణి, కోనసీమవాణ్ణి, ఊళ్ళో ఇప్పటికీ మాస్టారనే పిలుస్తారు. ఒకరి డబ్బు ఇంకొకరి చేతికి వెళ్ళడం చూస్తూనే ఉద్యోగమంతా గడిచింది.

చట్టాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. నల్లడబ్బు ధర్మం వేషం కట్టి తిరుగుతుందని తెలిసే ఆ సెక్షన్ పెట్టారు. దాన్ని నిదానంగా చదివితే నాకు ముచ్చటేసింది కూడా. దాత ఎవరో పుచ్చుకున్న సంస్థకు తెలిసి ఉండాలి, అంతే. ఊరందరికీ తెలియాలని ఎక్కడా లేదు. పన్ను రాయితీ కావాలన్నవాళ్ళ పాన్ నంబర్లు పన్ను శాఖకు పంపుతాం. రెండు వేలు దాటిన నగదుకు రాయితీ లేదని ముందే చెబుతాం. పేర్లు మైకులో చదవమని ఏ అధికారీ మమ్మల్ని అడగలేదు. మైకు మన సరదా.

మా కార్యదర్శి ముప్పై ఏళ్ళ కుర్రాడు. ఉద్యోగం బెంగళూరు కంపెనీలో, చేసేది కొబ్బరితోట మధ్య ఇంట్లో కూర్చుని. అతను వచ్చాకే మాకు వాట్సాప్ గ్రూపు, క్యూఆర్ కోడు, ఎవరైనా తెరిచి చూసుకునే గూగుల్ షీటు వచ్చాయి. అంతకుముందు రసీదు పుస్తకాలు మూడు చేతుల్లో ఉండేవి, మూడోది ఎప్పుడడిగినా దొరికేది కాదు. ఇప్పుడు వంద రూపాయలు పడినా సాయంత్రానికల్లా షీటులోకి ఎక్కుతుంది. దోహాలో ఉన్నవాడూ దిండిలో ఉన్నవాడూ ఒకటే లెక్క చూస్తారు. చందాలు పెరిగాయి, అనుమానాలు తగ్గాయి. ఇది ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, నా వయసువాడు ఫోను గురించి రాయబోతే చదివేవాళ్ళు శాపనార్థాలకు సిద్ధమైపోతారు.

చిక్కు ఇంకోచోట వచ్చింది. డబ్బు వచ్చే దారి తేటపడేసరికి, వెళ్ళే దారి కూడా అంతే తేటగా కనపడాలని అడగడం మొదలైంది. ‘ప్రూఫ్ పెట్టండి’ అనే మాట గ్రూపులో రోజూ వినిపించేది. బిల్లు పెడితే చాల్లేదు, మనిషి కావాలి. బియ్యం బస్తా పక్కన ఒక మనిషి, అటూ ఇటూ నలుగురు సభ్యులు, వెనక ఫ్లెక్సీ. ఏ ఊరి ఏ సంఘం ఫోటో అయినా తీసి చూడండి. సభ్యులు కెమెరా వైపు చూస్తూ ఉంటారు. పుచ్చుకునే మనిషి బస్తా వైపు చూస్తూ ఉంటుంది.

దీని మీద మా కమిటీలో పెద్ద వాదమే నడిచింది. అది శాస్త్రాల దాకా వెళ్ళింది, ఎందుకంటే మా కమిటీలో ఒక సాయిబుగారు, ఒక పాస్టరుగారు ఉన్నారు. నేను సంధ్య వార్చకపోయినా ఉపనిషత్తులు తిరగేస్తూ ఉంటాను. కొండమీది ప్రసంగంలో క్రీస్తు చెప్పింది పాస్టరుగారు గుర్తుచేశారు: దానం చేసేటప్పుడు బూర ఊదించుకోవద్దు, కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియనివ్వొద్దు. కార్యదర్శి ఊరుకోలేదు. “ఎడమచేతిలోనే కదండీ ఫోనుంది” అన్నాడు.

నవ్వుకున్నాం గానీ అక్కడే నాకొకటి తట్టింది. దానం మాట రాగానే మనం మాట్లాడేదంతా ఇచ్చేవాడి గురించే. వాడికి పేరు మీద యావ ఉందా, వాడి అహం కరిగిందా, వాడికి పుణ్యం దక్కుతుందా. పుచ్చుకునేవాడు ఆ కథలో ఉట్టి పాత్ర. పోతన భాగవతంలో బలి పొంగిపోయేది కూడా తన చెయ్యి పైన, విష్ణువు చెయ్యి కింద ఉన్నందుకే. అంత గొప్ప పద్యంలో నాకు కొంచెం గుచ్చుకునే ముల్లు అది.

గ్రంథాలు మాత్రం మనంత ఏకపక్షంగా లేవు. తైత్తిరీయంలో చదువు ముగించి ఇంటికి వెళ్ళే శిష్యుడికి గురువు చెప్పే మాటల్లో, ఇచ్చేటప్పుడు సిగ్గుతో ఇవ్వమని ఉంది. ఇంతకన్నా ఇవ్వలేకపోతున్నానే అని ఇచ్చేవాడు తల దించుకోవాలన్నమాట. ఫ్లెక్సీ ముందు దించుకున్న తల ఎవరిది? ఆ సిగ్గు ఒకరి దగ్గర నుంచి ఇంకొకరికి బదిలీ అయింది, యూపీఐలో డబ్బు వెళ్ళినంత తేలిగ్గా.

గీత పదిహేడో అధ్యాయం ఇంకా ఖరాఖండిగా చెబుతుంది. తిరిగి ఏదో వస్తుందని ఆశపడి ఇచ్చింది రాజసం. అందరికీ గుర్తుండేది అంతవరకే. దాని కింద ఇంకో మెట్టుంది, తామసం. చోటూ కాలమూ పాత్రతా చూడకుండా ఇవ్వడంతోపాటు, ఆదరణ లేకుండా, చులకన చేసి ఇవ్వడం కూడా అందులోకే వస్తుంది. పేరు కోసం ఇవ్వడం కన్నా ఎదుటివాణ్ణి చిన్నబుచ్చి ఇవ్వడమే ఎక్కువ దోషమని నాకు అర్థమైంది. సాయిబుగారు చెప్పింది దీనికి దగ్గరగానే ఉంది. ఖురాన్‌లో బఖరా సూరాలో దానం బయటికి చేసినా మంచిదే, గుట్టుగా పేదలకు చేరిస్తే మరీ మంచిదని ఉందట. చేసినదాన్ని ఎత్తి దెప్పి, పుచ్చుకున్నవాణ్ణి నొప్పించి చేజేతులా దానాన్ని చెరుపుకోవద్దని కూడా అదే సూరాలో ఉందట. “బయటికి చెయ్యొచ్చన్నాడు మాస్టారూ, నొప్పించొద్దన్నాడు. రెండూ వేర్వేరు” అన్నారాయన. మా వాదంలో నేను విన్న మాటలన్నిటిలోకీ అది సూటిగా ఉంది.

కాబట్టి దాత పేరు దాగితీరాలన్న పట్టుదల నాకు లేదు. మన దగ్గర అది ఎన్నడూ దాగలేదు. గుళ్ళో ట్యూబులైటు మీద దాత పేరు ఎంత బారున రాస్తారంటే వెలుగు అక్షరాల సందుల్లోంచి రావాలి. ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడికి వెళితే గోడల మీదా స్తంభాల మీదా వందల శాసనాలు. చాళుక్య చోళుల కాలంలో అఖండదీపానికి గొర్రెలో ఆవులో సమర్పించినవాళ్ళు తమ పేరు, తల్లిదండ్రుల పేరు, ఎవరి పుణ్యం కోసం ఇస్తున్నదీ చెక్కించుకున్నారు. ఆ ధర్మం ఆచంద్రార్కం సాగాలని రాయించేవారు. దాన్ని హరించినవాడు అరవై వేల ఏళ్ళు పురుగై పుడతాడని దానశాసనాల చివర బెదిరింపు కూడా ఉండేది. మా కార్యదర్శి తన ఖాతాకు పెట్టుకునే పాస్‌వర్డు కన్నా అది గట్టి కట్టడి.

పుచ్చుకున్నవాళ్ళ పేర్లు శాసనాల్లో లేవా అంటే ఉన్నాయి. అగ్రహారాలు పొందిన బ్రాహ్మణుల పేర్లు, గోత్రాలు, ఎవరికెన్ని భాగాలో రాగిరేకుల మీద వరసగా రాశారు. అక్కడ పేరు రాయడం పట్టా ఇవ్వడం. రేపు ఎవరైనా వచ్చి ఈ భూమి నీది కాదంటే చూపించుకోవడానికి. పైగా ఆ కాలంలో, ఆ కులానికి, పుచ్చుకోవడమే ఒక గౌరవం. కానీ సత్రంలో ఒకపూట తిని చెయ్యి కడుక్కుని వెళ్ళిన బాటసారి పేరు ఏ రాతి మీదా నాకు కనపడలేదు. ఇప్పటికీ తిరుమలలో అంతే. 1985లో మొదలైన నిత్యాన్నదానానికి ఇవాళ ఒక రోజు ఖర్చు 44 లక్షలు భరించిన దాత పేరు భోజనశాలలో తెర మీద వేస్తారు. బారులు తీరి కూర్చున్నవాళ్ళలో ఎవరి పేరూ ఎవరూ అడగరు. కోటీశ్వరుడి పక్కన కూలీ కూర్చున్నా విస్తరి విస్తరే.

మా సీమలో ఈ మాటొస్తే డొక్కా సీతమ్మగారు రాకుండా ఉండరు. లంకల గన్నవరంలో, గోదావరి లంకల మధ్య, వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్ళకల్లా వండి పెట్టి 1909లో వెళ్ళిపోయిన ఇల్లాలు. గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరే, ఇప్పుడు బళ్ళలో మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలుపు వస్తే వెళ్ళలేదనీ, ఫోటో అయినా పంపమంటే అదీ ఒప్పుకోలేదనీ, ఫోటో లేకపోతే తన ఉద్యోగం పోతుందని అధికారి బతిమాలితే సరేనందనీ మా వైపు చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమో గానీ ఫోటో మాత్రం ఇప్పటికీ ప్రతి ఇంటికీ తెలుసు. అందులో ఉన్నది ఆమె ఒక్కతే. విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి పక్కన పెట్టుకుని తీయించుకోలేదు.

మా పక్క ఊళ్ళో దింపు కార్మికుడొకతను కొబ్బరిచెట్టు మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. వేరే గ్రూపువాళ్ళు అతని కోసం చందాలు పోగుచేశారు. మంచి పని చేశారు, త్వరగా చేశారు, ఆపరేషన్ ఆగలేదు. పిలుపుతోపాటు పెట్టిన ఫోటోలో ఆస్పత్రి మంచం, పక్కన వేలాడే మూత్రం సంచీ, కొంగు నోటికి అడ్డంపెట్టుకున్న భార్య, కింద బ్యాంకు ఖాతా నంబరు. తర్వాత అతను కోలుకుని కూర్చోగలిగాడు, ఇంటి ముందు చిన్న కొట్టు పెట్టుకున్నాడు. కూతురికి సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు మేనత్త అందరి ముందూ, చాలా ప్రేమగానే, “మీ నాన్నగారికి అప్పుడు మేమూ ఐదొందలు వేశామమ్మా, ఫోటో ఇంకా నా ఫోన్లో ఉంది” అంది. సంబంధం చెడిపోలేదు, పెళ్ళి బాగానే జరిగింది. ఆ మేనత్తా చెడ్డమనిషి కాదు. సాయిబుగారు చెప్పిన దెప్పడమంటే కోపంతో చేసేదనుకునేవాణ్ణి. ఆప్యాయంగా కూడా చెయ్యొచ్చని అప్పుడు తెలిసింది.

పాతకాలం శాసనంలో ఇచ్చినవాడి కీర్తి ఆచంద్రార్కం నిలవాలని కోరుకున్నారు. ఫార్వర్డయ్యే ఫోటోలో పుచ్చుకున్నవాడి కష్టం ఆచంద్రార్కం నిలిచిపోతోంది. అతను కోలుకున్న సంగతి ఫోటోకు తెలియదు. తిరుగుతూనే ఉంటుంది. కొత్తగా చూసినవాడు అయ్యో అని ఇంకో రెండొందలు వేస్తాడు.

“అడిగే తీశామండీ, ఒప్పుకున్నారు” అంటారు ఫోటో తీసినవాళ్ళు. 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది, 2023లో వ్యక్తిగత డేటాకు చట్టమూ వచ్చింది. సమ్మతి అనే మాటకు విలువ పెరిగింది, నిజమే. కానీ బియ్యం బస్తా ఇంకా మీ చేతిలోనే ఉండగా “ఫోటో తీసుకుంటామమ్మా” అంటే ఆవిడ “తీసుకోండి బాబూ” అనక ఏమంటుంది? బస్తా ఇంట్లో పెట్టేసి, నాలుగు రోజులాగి వెళ్ళి అడగండి. అప్పుడు చెప్పేది సమ్మతి.

పాతరోజులు గుట్టుగా ఉండేవని నేననను. ఆ భ్రమ పోస్టాఫీసులో పనిచేసినవాడికి ఉండదు. 1880లో మొదలైన మనియార్డరు చెల్లింపులో వేలిముద్ర వేసే ముసలమ్మకు సాక్షి సంతకం కావాల్సి వచ్చేది. ఆ సాక్షి పక్కింటాయనే. కొడుకు ఎంత పంపాడో, ఏ నెల పంపలేదో, కూపన్ మీద ఏం రాశాడో అరుగు మీద అందరికీ తెలిసిపోయేది. ఇవాళ ఆమె ఖాతాలో డబ్బు చప్పుడు లేకుండా పడుతుంది. మన మిత్ర అని 2025 జనవరిలో ఆంధ్ర ప్రభుత్వం వాట్సాప్‌లో 161 సేవలతో మొదలుపెట్టింది. సర్టిఫికెట్ కోసం గుమాస్తా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడే పని ఆ మేరకు తగ్గింది. ఈ పనిముట్లు సిగ్గును పెంచనూగలవు, దాచనూగలవు. వాటిని ఎవరి వైపు తిప్పి పెట్టామన్నదే అసలు లెక్క. అయితే అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. కొబ్బరిపీచు పనిచేసి చేసి వేళ్ళ మీద గీతలు అరిగిపోయిన ఆడవాళ్ళను వేలిముద్రల యంత్రం ‘నువ్వు నువ్వు కావు’ అన్నప్పుడు, ఐరిస్ అనో ముఖం అనో ఇంకో దారి వెతికేలోగా వాళ్ళ ముఖం చూడలేం.

ఇక్కడ కార్యదర్శి నన్ను ఒక ప్రశ్నతో పట్టుకున్నాడు. “మాస్టారూ, ఉపాధి హామీలో కూలీల పేర్లు గోడ మీద రాశారు కదా. అది తప్పంటారా?” అననన్నాను. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు పెట్టి ఎవరి పేరు మీద ఎన్ని దినాలు, ఎంత కూలి అని ఊరి మధ్య చదివి వినిపించారు. చచ్చిపోయినవాళ్ళు చెరువు తవ్వినట్టు రాసిన మస్టర్లు బయటపడింది అలాగే. కూలి తన హక్కు. హక్కున్నచోట పేరు బయటికి చదివితే అది ఆ మనిషికి కాపలా. రాగిరేకు మీద అగ్రహారీకుడి పేరులాంటిదే. దయగా వచ్చినచోట అదే పేరు చదివితే ఆ మనిషి బోనులో నిలబడ్డట్టుంటుంది. చిక్కేమిటంటే ఏది హక్కు, ఏది దయ అన్న గీత అంత తేటగా ఉండదు. ప్రభుత్వం ఇచ్చే నాలుగు వేల పింఛను హక్కని నేనంటాను. ఇచ్చినవాళ్ళు ఎప్పుడూ అలా అనుకుంటారని చెప్పలేను.

మా సంఘం ఇప్పుడు నడుపుతున్న పద్ధతి ఇదీ. షీటులో డబ్బు వచ్చిన వివరం మొత్తం ఉంటుంది, దాత వద్దంటే పేరు బదులు ‘శ్రేయోభిలాషి’ అని. ఖర్చు వైపు కేసు నంబరు, దేనికి, ఎంత, ఏ నెల. పేర్లు ఒక కాగితం పుస్తకంలో ఉంటాయి, అది నా దగ్గర. ఇంటికి వెళ్ళి చూసి వచ్చేది ఇద్దరు. వాళ్ళలో ఒకరు ఆడమనిషి అయి తీరాలి. ఫోటోలు లేవు. దీనివల్ల కొందరు దాతలు తగ్గారు. ఒకాయన గ్రూపులోంచి వెళ్ళిపోతూ “నంబర్లకి ఎవరిస్తారండీ” అని రాశాడు. ఆ మాటలో పస లేదనలేను.

ఎందుకంటే కువైట్ నుంచి ఒకామె అదే మాట ఇంకోలా అడిగింది. ఇళ్ళల్లో పనికి వెళ్ళిన మనిషి. ఇక్కడ ఇంకో విచిత్రం. మాకు విదేశీ విరాళాల అనుమతి లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మా ఊరి డాక్టరు లక్ష ఇస్తానన్నా 2010 చట్టం ప్రకారం అతను విదేశీ మూలం, పుచ్చుకోకూడదు. భారత పాస్‌పోర్టున్న ఈమె వెయ్యి మాత్రం నిక్షేపంగా పుచ్చుకోవచ్చు. ఆమె వాయిస్ మెసేజ్ పెట్టింది: “మాస్టారండీ, నా డబ్బు ఎవరికెళ్ళిందో చెప్పండి. ఇక్కడ మా యజమానులకి నా పేరు పలకడం కూడా రాదు. మన ఊళ్ళో ఫలానావాళ్ళకి పనికొచ్చానని నాకు తెలియాలి కదండీ.” తొమ్మిదో తరగతి పిల్ల ఫీజు కట్టామమ్మా అని చెప్పాను. ఎవరి పిల్ల అంది. చెప్పలేదు. ఆమె అడిగింది కీర్తి కాదని నాకు తెలుసు. ఊరితో తెగిపోకుండా ఒక దారం కావాలి ఆమెకు. దానంలో అదీ ఒక భాగమే, నేను పెట్టిన పద్ధతి దాన్ని తెంపేసింది. చివరికి, పుచ్చుకున్నవాళ్ళకు ఇష్టమైతే దాతకు ఒక మాట పంపొచ్చని, బలవంతం లేదని పెట్టాం. ఎక్కువమంది పంపరు. ఆ పిల్ల ఇంకా పంపలేదు.

వచ్చే సర్వసభ్య సమావేశానికి నేనొక తీర్మానం పెట్టాను. లెక్కల కాగితాలు పదేళ్ళు దాచాలని పన్ను నిబంధన ఉంది, అవి సీలు కవరులో ఆడిటరు దగ్గర ఉంటాయి. మిగిలినవి, అంటే అర్జీలు, ఇల్లు చూసివచ్చినవాళ్ళు రాసుకున్న సంగతులు, కేసు ముగిసిన ఏడాదికి చింపెయ్యాలని. కార్యదర్శి వ్యతిరేకిస్తున్నాడు. “మీరున్నంతకాలం సరే మాస్టారూ. మీ తర్వాత ఎవడో వచ్చి లేని మనుషులకి నంబర్లేసి డబ్బు తింటే, పట్టుకోవడానికి కాగితం ఉండాలి కదా” అంటాడు. ఇల్లు చూసే ఇద్దర్నీ మూడు నెలలకోసారి చీటీ తీసి మార్చేద్దామన్నాను, అప్పుడు ఒకరి దొంగతనం ఇంకొకరి కంట పడుతుంది. దాంతో సగం ఒప్పుకున్నాడు. సాయిబుగారి ఓటు నాకే. పాస్టరుగారు ఇంకా తేల్చలేదు.